డోలు ఆయన పోయారు. క్లీవ్‌లాండ్‌లో ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కృష్ణలంక కుర్రాడు
పొద్దున లేవగానే పాత రూమ్మేట్ దగ్గర్నుంచి ఒక్క లైను మెసేజ్. "జాన్ ఆడమ్స్ పోయారు రా." 2023 జనవరి 30న. 71 ఏళ్ళు. ఆఫీసుకొచ్చి పక్క సీటతనికి చెబితే "ఎవరు, ప్లేయరా?" అన్నాడు. కాదు, క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ స్టేడియంలో డోలు వాయించే ఆయన అన్నాను. "ఓ, ఫ్యానేనా" అని మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగాడు. అప్పట్నుంచీ మనసు ఒకటే ఇదిగా ఉంది.

నేను 2009లో ఎమ్మెస్‌కి క్లీవ్‌లాండ్ వెళ్ళాను. బేస్‌బాల్‌లో ఓనమాలు తెలీవు. ఓ సీనియర్ మా నలుగుర్నీ స్టేడియానికి లాక్కెళ్ళాడు. గంటసేపు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఒకడు విసురుతాడు, ఇంకొకడు బ్యాట్ ఎత్తకుండా నిలబడతాడు, జనం చప్పట్లు కొడతారు! అప్పుడు సీనియర్ చెప్పాడు: "ఏం బుర్ర బద్దలు కొట్టుకోకండి. హాయిగా కబుర్లు చెప్పుకోండి. అదిగో, ఆ లెఫ్ట్ ఫీల్డ్ వెనక బోర్డు కింద నుంచి డోలు మోగిందా, అప్పుడు మాత్రం తలెత్తండి. మనవాడు సెకండ్ బేస్‌లోనో థర్డ్‌లోనో ఉన్నాడని లెక్క. నాలుగు బేసులూ చుట్టొస్తే రన్ను కదా, ఒక్క దెబ్బ సరిగ్గా పడితే చాలు." అంతే. ఆ సాయంత్రానికి నాకు ఆట వచ్చేసింది. నేర్పింది ఆ డోలే.

ఆయన డోలు విన్నవాళ్ళుంటే రాయండి. ఇంకోటి కూడా అడగాలి. ఆ చోట ఇప్పుడు వేరే ఎవరైనా డోలు పెట్టుకుని కూర్చోవాలా, వద్దా? మా పాత గ్రూపులో రాత్రంతా ఇదే గొడవ.

పార్మా పద్మ
అయ్యో. నాకు ఇప్పుడు మీ పోస్ట్ చూశాకే తెలిసింది. మేం ఇక్కడికొచ్చి 22 ఏళ్ళు. మా పిల్లలిద్దరూ ఆ డోలు వింటూనే పెరిగారు. కాస్త ఆగి రాస్తాను.

స్కోర్‌కార్డ్
తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆయన మొదటిసారి డోలు తీసుకెళ్ళింది 1973 ఆగస్టు 24న, టెక్సాస్ రేంజర్స్‌తో ఆట. అప్పుడాయన వయసు 21. ఎవరింటి ముందో పాత సామాన్లు అమ్ముతుంటే 25 డాలర్లకు కొన్న డోలు అది. 26 అంగుళాల అడ్డం. అక్కణ్ణుంచి 2019 సీజన్ దాకా 3,700 పైచిలుకు ఆటలు. అన్నీ సొంతూళ్ళోనే. ఆటకు 9 ఇన్నింగ్స్, 3 గంటలు. లెక్కేసుకోండి.

అసలు డోలు ఎందుకంటే, పాత మునిసిపల్ స్టేడియంలో వెనక వైపు చెక్క సీట్లుండేవి. టీమ్‌కి ఊపు తేవాలంటే జనం ఆ సీట్లను దబదబా బాదేవాళ్ళు. ఈయన ఆ చప్పుడుకి తన వంతుగా ఇంకాస్త కలుపుదామని డోలు పట్టుకెళ్ళారు. మళ్ళీ తెస్తావా అని ఓ విలేఖరి అడిగి, తెస్తాడని పేపర్లో రాసేశాడు. ఇక తప్పలేదు!

కృష్ణలంక కుర్రాడు
@స్కోర్‌కార్డ్ ఈ పేపరు సంగతి నాకు తెలీదు. థాంక్స్ అన్నా.

బ్లీచర్స్ బాబు
1973 అంటే క్లీవ్‌లాండ్ టీమ్ తన డివిజన్‌లో, అంటే తన గ్రూపులో, అట్టడుగున ఉన్న ఏడాది. 71 గెలుపులు, 91 ఓటములు. 70 వేల పైన పట్టే స్టేడియంలో చాలా రోజులు 6, 7 వేల మంది. మన ఊళ్ళో పెళ్ళికి ఇంకా ఎక్కువ మంది వస్తారు. ఖాళీ స్టేడియంలో ఒక్క డోలు మోగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇప్పుడు అందరూ చెప్పుకునే వైభవమంతా 1994లో కొత్త స్టేడియం కట్టాక వచ్చింది. 1995 నుంచి 2001 దాకా వరసగా 455 ఆటలకి టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ 455 అంకెని అభిమానుల పేరు మీద ఏ ఆటగాడికీ జెర్సీ నంబరుగా ఇవ్వకుండా పక్కన పెట్టారు. ఆయన మాత్రం రెండు కాలాల్లోనూ అదే పని. జనం ఉన్నారా లేరా అని చూసి వాయించలేదు.

నిశ్శబ్దం
ఆయన ఆత్మకు శాంతి కలగాలి. కానీ నేను ఇంకో వైపు కూడా చెప్పాలి. 2012లో మా బాబు ఎనిమిది నెలలవాడు. తెలీక సరిగ్గా ఆయన ముందు నాలుగో వరసలో టికెట్లు కొన్నాం. రెండో ఇన్నింగ్స్‌లో మొదటి దెబ్బ పడగానే పిల్లాడు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చాడు. మిగతా ఆటంతా వాణ్ణి ఎత్తుకుని వెనక నడవాలో తిరిగాను. టికెట్ డబ్బులు నేనూ పెట్టాను కదా. ఒక్కరి సరదా కోసం చుట్టూ ఉన్న వంద మంది సర్దుకోవాలా అని ఆ రోజు నిజంగా కోపం వచ్చింది.

పార్మా పద్మ
@నిశ్శబ్దం పసిపిల్లతో ఆ వరసల్లో కష్టమే, కాదనను. మాకూ ఎవరో ముందే చెప్పబట్టి దూరంగా కూర్చున్నాం. కానీ ఆయన ఎడాపెడా వాయించేవారు కాదమ్మా. మనవాళ్ళు బ్యాటింగ్‌లో ఉండి, రన్నర్ సెకండ్‌కి చేరితేనే. లేదా ఆట చివరికొచ్చి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో. మిగతా టైమంతా పక్కవాళ్ళతో మాట్లాడుతూ, పిల్లలతో ఫోటోలు దిగుతూ ఉండేవారు. చేతిలో కర్రలున్నా కొట్టకుండా కూర్చోవడం, అదీ 3 గంటలు, నాకైతే అదే గొప్పగా అనిపించేది.

లయ
పద్మ గారు చెప్పినదే నేనూ చెప్పబోయాను. నేను పదేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. క్లీవ్‌లాండ్ అంటే మా ఇంట్లో త్యాగరాజ ఆరాధన. 1978 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లో జరుగుతుంది కదా, అమ్మానాన్నా నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళు. అది జరిగే రోజులు, బేస్‌బాల్ సీజన్ మొదలయ్యే రోజులు దాదాపు ఒకటే. ఒక ఏడు మధ్యాహ్నం కచేరీలో తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వినిపించే భాగం) విని, సాయంత్రం నాన్నతో ఆటకి వెళ్ళాను. కచేరీలో మా గురువుగారి పాఠం ఒకటే చెవిలో తిరుగుతోంది: "ఎక్కడ వాయించకూడదో తెలిస్తే సగం విద్య వచ్చినట్టే." స్టేడియంలో ఆయన్ని చూస్తే అదే గుర్తొచ్చింది.

తాళం ఏమీ లేదు. ఒకే నడకలో వరస దెబ్బలు. కానీ జనం చప్పట్లు ఆ నడకలోకి వచ్చేదాకా ఆయన తొందరపడేవారు కాదు. 30 వేల మందిని లయలో పెట్టడం మాటలా?

గోదారోడు
అమ్మాయ్, మరీ మృదంగంతో పోలికేంటండీ బాబు. అది సాధన. ఇది ఉత్సాహం. దేని గొప్ప దానిదే, రెండూ కలిపేస్తే రెండింటికీ మర్యాద దక్కదు.

లయ
@గోదారోడు బాబాయ్ గారూ, విద్యలో పోలిక పెట్టలేదండీ. ఓపికలో పెట్టాను.

గోదారోడు
అలాగైతే ఒప్పుకుంటానమ్మా.

ఓరుగల్లు
మా నాయిన ముచ్చట జెప్త. నాయిన డప్పు కొట్టేటోడు. చిన్నప్పుడు నేను ఆయనెంబడి పెండ్లిళ్ళకు, పెద్దపండ్గలకు పోయేది. 2011ల అమెరికా తోల్కవోయిన. మే నెలనే గని ఆ చెర్వు గాలికి చలి జంపుతుండె. (చెర్వు గాదు లెండి, ఈరీ సరస్సు. నాయినకు మాత్రం అది పెద్ద చెర్వే.) ఆటకు తోల్కపోతె పోరగాని లెక్క అటిటు జూస్తుండు. డోలు మోగింది. నాయిన లేశి నిలవడ్డడు. "ఎవడ్రా కొడుతుండు?" అన్నడు. సూపిచ్చిన. జెరసేపు జూసి మొదట అడిగిన మాట: "గీ సలికి తోలు మెత్తవడదా? మంటేడ వెట్టుకున్నడు?"

డప్పు తెల్వనోళ్ళకు: కొట్టేముందు గడ్డి మంటకు కాపుకోవాలె, తోలు బిగుసుకుంటెనే పలుకుతది. సలిల నిమిషాలకే సల్లారి బోదబోద అంటది. అది తోలు గాదు ప్లాస్టిక్ పొరనుకుంట నాయినా అన్న. "అయితె మంచిగుంది, కంపు గొట్టదు" అని నవ్విండు. ఆట అయిపొయ్యేదాక ఆ మనిషి చేతులే జూసిండు. ఎడమచేతిల చిటికెన పుల్ల, కుడిచేతిల సిర్ర పట్టుకున్నట్టు తన యేళ్ళు మోకాలు మీద ఆడుతనే ఉన్నయ్. పొయ్యేటప్పుడు దగ్గరికి పోయి దండం వెట్టిండు. ఆయన నవ్వి తల ఊపిండు. ఇద్దరికి ఒగలి భాష ఒగలికి రాదు.

నాయిన 2018ల పోయిండు. గీ వార్త జూడంగనె ఆ మోకాలే యాదికొచ్చింది.

పార్మా పద్మ
ఓరుగల్లు తమ్ముడూ, ఇది చదివి కళ్ళు తుడుచుకున్నాను.

అనంతపురం అమ్మాయి
నాకు కూడా. రెండుసార్లు చదివినా.

కృష్ణలంక కుర్రాడు
@ఓరుగల్లు అన్నా, ఈ ఒక్క పోస్టుకోసమే ఈ చర్చ మొదలుపెట్టినట్టుంది.

తటస్థం
అందరూ బాగా రాస్తున్నారు. ఒక్క సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. ఆ టీమ్ పేరు అప్పట్లో "ఇండియన్స్". టోపీ మీద ఎర్ర మొహంతో పళ్ళికిలించే బొమ్మ. దానికి తోడు డోలు. అక్కడి ఆదివాసీ తెగలవాళ్ళు స్టేడియం బయట నిలబడి ఏళ్ళ తరబడి నిరసన తెలిపారు. వాళ్ళ పండగ డోలుకీ దీనికీ సంబంధం లేకపోయినా, వాళ్ళ చెవికి ఎలా వినిపించి ఉంటుందో మనం ఆలోచించాలి.

స్కోర్‌కార్డ్
న్యాయమైన మాట. ఆ బొమ్మను 2018 సీజన్ తర్వాత యూనిఫాం మీద నుంచి తీసేశారు. 2021లో పేరు మార్పు ప్రకటించి 2022 నుంచి "గార్డియన్స్" అయ్యారు. స్టేడియం దగ్గర హోప్ మెమోరియల్ వంతెన మీద ఉండే పెద్ద రాతి విగ్రహాల పేరు అది. నేను మార్పుకి అనుకూలం. ఆడమ్స్ డోలు మాత్రం బ్యాండు మేళంలో వాడే డోలు. ఆయన వేషం వేసుకునీ రాలేదు, ఈకలు పెట్టుకునీ రాలేదు. కొత్త పేరుతో టీమ్ ఆడిన మొదటి ఏడాదే, 2022లో, ఆయన్ని తమ ప్రముఖుల జాబితాలో చేర్చుకున్నారు. అంటే పాత బొమ్మని వదిలేసుకున్నారు, డోలుని ఉంచుకున్నారు.

తటస్థం
@స్కోర్‌కార్డ్ ఈ తేడా బాగా చెప్పారు. ఒప్పుకుంటున్నాను.

గోదారోడు
పేరు సంగతొచ్చింది కాబట్టి. మా అమ్మకి ఫోన్‌లో "ఇవాళ ఇండియన్స్ గెలిచారమ్మా" అంటే "సచిన్ ఎంత కొట్టాడ్రా?" అని అడిగేది. ఐదేళ్ళు చెప్పినా నమ్మలేదు.

అనంతపురం అమ్మాయి
హహహ. మా జేజి కూడా అంతే!

అనంతపురం అమ్మాయి
నేను ఒక్కసారి కూడా ఆ స్టేడియానికి పోలేదు. కానీ ఆ డోలు విన్నా. 2016 నవంబర్ 3, గచ్చిబౌలికి పోయే క్యాబ్‌లో. వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) ఏడో ఆట, షికాగో కబ్స్‌తో. మనకి పొద్దున ఐదున్నరకి మొదలైంది. మా ఆయన క్లీవ్‌లాండ్‌లో చదివినాడు, నాకూ ఆ పిచ్చి అంటించినాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మనోళ్ళు రెండు రన్లు వెనక, అప్పటికే రెండు అవుట్లు, అవతల బంతి విసిరేది ఛాప్మన్. ఆశే లేదు. ఇయర్‌ఫోన్లలో జనం అరుపుల కింద దబ్ దబ్ దబ్ అని ఒకటే వినిపిస్తా ఉంది. ఏం శబ్దమిది, నెట్‌వర్క్ ప్రాబ్లమా అనుకున్నా. అంతలో రజాయ్ డేవిస్ కొట్టినాడు చూడండి, స్కోరు 6-6! నేను క్యాబ్‌లో అరిచిన అరుపుకి డ్రైవరన్న బండి పక్కకి ఆపేసినాడు. "ఏమైందక్కా, ఇంట్లో ఏమన్నా అయిందా?" అని.

సాయంత్రం మా ఆయన్ని అడిగితే చెప్పినాడు, అది నెట్‌వర్క్ కాదు, ఆడమ్స్ అని.

బ్లీచర్స్ బాబు
@అనంతపురం అమ్మాయి మీరు విన్నది నూటికి నూరుపాళ్ళు ఆయన డోలే అయి ఉండాలి. డేవిస్ ముందు గయర్ డబుల్ కొట్టి సెకండ్ బేస్‌లో నిలబడ్డాడు. సెకండ్‌లో రన్నర్ ఉంటే డోలు మోగక తప్పదు. తర్వాత వాన పడి 17 నిమిషాలు ఆగడం, పదో ఇన్నింగ్స్‌లో 8-7తో ఓడిపోవడం... అది వదిలేయండి, ఇప్పటికీ తలుచుకోలేను.

గోదారోడు
అదే నా బాధ. ఆ టీమ్ ఆఖరుసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1948లో. ఆయన అప్పటికింకా పుట్టలేదు. 1995లో ఓడారు, 97లో ఓడారు, 2016లో గెలుపు గుమ్మం దాకా వెళ్ళి ఓడారు. మూడుసార్లూ ఆయన డోలుంది. ఒక్కసారి గెలిచి ఉంటే ఎంత బాగుండేదండీ.

లయ
డోలుకి కూడా ఆయన సీజన్ టికెట్ కొనేవారని తెలుసా? తనకొకటి, పక్క సీటు డోలుకి. తన డబ్బుతో. చిన్నప్పుడు నాన్న నాకు ఇది చెబితే నా మృదంగానికి కూడా కారులో సీటు బెల్టు పెట్టేదాన్ని.

నిశ్శబ్దం
ఇది నాకు తెలీదు. టీమ్‌వాళ్ళే ఊరికే కూర్చోబెట్టుకున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. నాలాగే టికెట్ కొనుక్కుని వచ్చేవారన్నమాట.

పార్మా పద్మ
అవును. ఆయనకి వేరే ఉద్యోగం ఉండేది, ఓ పెద్ద ఫోన్ కంపెనీలో సిస్టమ్స్ అనలిస్టు. ఇక్కడున్న మనవాళ్ళలో సగంమంది చేసే పనే. పగలు కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రం డోలు భుజానికెత్తుకుని ఏడాదికి 81 ఆటలు. మా వారికి ఆఫీసు నుంచొచ్చాక కూరగాయలకి వెళ్ళే ఓపిక ఉండదు.

మా పెద్దవాడి దగ్గర ఆయన బొమ్మ ఉంది. 2006లో స్టేడియంలో ఇచ్చారు. మామూలుగా ఇలాంటి బొమ్మలకి తల ఊగుతుంది, దీనికి చేతులు ఊగి డోలు మీద పడతాయి. వాడు ఇప్పుడు కొలంబస్‌లో చదువుతున్నాడు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో ఎందుకో ముభావంగా ఉన్నాడు. ఇప్పుడర్థమైంది, వాడికి నాకంటే ముందే తెలిసింది. బొమ్మ వాడి గదిలో షెల్ఫ్ మీదే ఉంది. ఇందాక దుమ్ము తుడిచి, ఒక చేయి కదిపి చూశాను. ఇంకా పనిచేస్తోంది.

కృష్ణలంక కుర్రాడు
నా రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ఇంకెవరైనా వాయించాలా, వద్దా?

బ్లీచర్స్ బాబు
వద్దు. 2022లో ఆయన సీటుకి కంచు డోలు బొమ్మ బిగించారు. అది చాలు. ఇప్పుడు ఎవరొచ్చినా టీమ్ జీతమిచ్చి పెట్టిన మనిషే అవుతాడు. ఆయన టికెట్ కొని వాయించారు. ఆ తేడా చెవికి తెలుస్తుంది.

ఓరుగల్లు
నాకైతె కొట్టాలె అనిపిస్తది. మా నాయిన పోయినంక ఊర్ల డప్పు ఆగలె. మా చిన్నాయిన కొడుకు అందుకున్నడు. ఆగితెనే నాయినకు బాధ.

గోదారోడు
నేను ఓరుగల్లు వైపు. కారణం చెబుతాను. మా ఊరి శివాలయంలో డోలూ సన్నాయీ ఉండేవి. డోలు వాయించే పెద్దాయన పోయాక, ఆయన స్థానంలో ఎవరినీ పెట్టడం మర్యాద కాదని ఊరంతా అనుకున్నాం. మంచి మనసుతోనే అనుకున్నాం. రెండేళ్ళకి ఏమైంది? ఎవరో దాత కరెంటు డోలు తెచ్చి బిగించారు. స్విచ్ వేస్తే మోటారు తిరిగి, గంటా డోలూ వాటంతటవే కొట్టుకుంటాయి. హారతిచ్చేది ఉన్నా లేకపోయినా ఒకటే మోత. కరెంటు పోతే మధ్యలో ఆగిపోతుంది. ఖాళీ అలా ఉండిపోదండీ. మనిషిని కూర్చోబెట్టకపోతే మిషను వచ్చి కూర్చుంటుంది. రేపు అక్కడ కూడా రన్నర్ సెకండ్‌కి రాగానే స్పీకర్లలో రికార్డు వేస్తారు. అది మీకు ఇష్టమా బాబు గారూ?

బ్లీచర్స్ బాబు
@గోదారోడు ...రికార్డు మాత్రం వద్దు. దీని మీద నేను ఇంకాస్త ఆలోచించుకోవాలి.

లయ
మా ఊరి గుళ్ళో కూడా ఆ మిషనే.

నిశ్శబ్దం
నేను కూడా మనిషే ఉండాలంటాను. మనిషైతే పిల్లాడు ఏడుస్తుంటే కనీసం చూస్తాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను బాబుని ఎత్తుకుని లేచినప్పుడు ఆయన నావైపు చూసి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని సారీ అన్నట్టు తల వంచారు. కోపంలో ఆ సంగతి ఇందాక రాయలేదు. రాయాల్సింది.

పార్మా పద్మ
🙏

స్కోర్‌కార్డ్
ఏప్రిల్ 7న సియాటిల్‌తో ఇక్కడ మొదటి ఆట. నేను, మా ఆవిడ వెళ్తున్నాం. ఎవరైనా కలుస్తారా?

పార్మా పద్మ
మేం నలుగురం. పెద్దవాడు కొలంబస్ నుంచి వస్తానన్నాడు, ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టి తెస్తాను, లోపలికి పంపకపోతే ముందే కారు దగ్గర తినేద్దాం.

ఓరుగల్లు
నేను డెట్రాయిట్ల ఉన్న. మూడు గంటలు. వస్త. నాయిన డప్పు నా దగ్గర్నే ఉంది గని లోపటికి రానియ్యరు గదా?

స్కోర్‌కార్డ్
@ఓరుగల్లు ముందే ఫోన్ చేసి కనుక్కుంటాను తమ్ముడూ. రానివ్వకపోతే పార్కింగ్‌లో ఐదు నిమిషాలు కొడుదువుగాని. మంటకి మాత్రం పర్మిషన్ దొరకదు, కారు హీటర్ మీద కాచుకోవాలి.

ఓరుగల్లు
హీటరే సాలు అన్నా.

కృష్ణలంక కుర్రాడు
నేను హైదరాబాద్‌లోనే ఇరుక్కుపోయాను. మనవాడు సెకండ్ బేస్‌కి వస్తే ఎవరైనా ఫోన్ అలా గాల్లోకి ఎత్తి పట్టుకోండి, ఆ చప్పట్లు వింటాను. ఎంత అర్ధరాత్రైనా మేలుకునే ఉంటా.

స్కోర్‌కార్డ్
లెఫ్ట్ ఫీల్డ్ బ్లీచర్స్‌లో, అదే ఆయన కూర్చునే వెనక వరసల్లో, ఎనిమిది టికెట్లు తీసుకున్నాను. మనం ఏడుగురం. ఎనిమిదోది డప్పుకి. దుప్పట్లు మర్చిపోకండి, చలి గట్టిగా ఉంటుంది.